ఇరవై నాలుగు వెన్నుల అట్ట

ఉదయం తొమ్మిదిన్నరకు దుకాణం ముందు నిలబడినప్పుడు గుండీలాయన చేతుల్లో ఉన్నవి రెండే: కుడిచేతిలో తాళాల గుత్తి, ఎడమచేతిలో తండ్రి మోచెయ్యి. రెంటిలో తాళాల గుత్తే బరువు. మోచెయ్యి చొక్కా లోపల ఎక్కడుందో తడిమి చూసుకోవలసినంత తేలికైపోయింది.

"మెట్టుంది నాన్నా."

"ముప్పై ఐదేళ్ల నుంచీ అక్కడే ఉందిలేరా. దగ్గరుండి కట్టించింది నేనే."

షట్టరు పైకి లేచింది. దుకాణం ఎనిమిది అడుగుల వెడల్పు, పొడవు మాత్రం రైలు పెట్టెంత. అతను తండ్రిని కౌంటరు వెనుక పేము కుర్చీలో కూర్చోబెట్టి, నడుం వెనుక దిండు సర్ది, ఒడిలో స్టీలు పళ్లెం పెట్టాడు. పళ్లెం నిండా కలిసిపోయిన గుండీలు. పెద్దాయనకు చూపు సగం పైగా పోయింది కానీ వేళ్లకు ఏ లోటూ రాలేదు. రెండు కన్నాలవి ఒక డబ్బాలో, నాలుగు కన్నాలవి ఒక డబ్బాలో, వెనుక కొక్కెం ఉన్నవి మరొక దాంట్లో. సాయంత్రానికి పళ్లెం ఖాళీ అవుతుంది. రాత్రికి కొడుకు గుప్పెడు గుండీలు మళ్లీ కలిపి పళ్లెంలో పోస్తాడని ఆయనకు తెలుసు. తెలిసినట్టు ఏనాడూ బయటపడలేదు.

పెద్దాయన వయసు ఎనభై ఆరు. పోయిన వారం డాక్టరు గుండె పరీక్ష కాగితం చూసి, దాన్ని మళ్లీ మడిచి, "ఆయనకు ఏది ఇష్టమైతే అది చేయనివ్వండి" అన్నాడు. గుండీలాయన వ్యాపారస్తుడు. ఇక సరుకు రాదన్న సంగతి మర్యాదస్తులు ఎలా చెబుతారో అతనికి వేరే ఎవరూ విడమర్చనక్కర్లేదు.

కౌంటరు వెనుక గోడంతా చిన్న చిన్న సొరుగులు, మూడు వందల పన్నెండు. ప్రతి సొరుగు ముఖాన లోపలున్న రకం గుండీ ఒకటి దారంతో కట్టి ఉంటుంది. దర్జీలు పేర్లు చెప్పరు, వేలు చూపిస్తారు. నమూనా బయట, సరుకు లోపల. ఈ పద్ధతి అతను తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. తేడా అల్లా ఒక్కటే. తండ్రి ఇంట్లో పెట్టిన నమూనా వెనుక సరుకు లేదు.

ఆ నమూనా ఇప్పటికీ దుకాణంలో పై అరలో, జిప్పుల పెట్టెల పక్కన ఉంది. నాలుగు మడతల అట్ట. దాని మీద వరసగా ఇరవై నాలుగు పుస్తకాల వెన్నులు అతికించి ఉంటాయి. ముదురు ఎరుపు రెక్సిను, బంగారు అక్షరాలు, ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలు. పుస్తకాలు లేవు, వెన్నులు మాత్రమే. పెద్దాయన ఉద్యోగం ఊరూరా తిరిగి విజ్ఞాన సర్వస్వం అమ్మడం. ఇరవై నాలుగు సంపుటాలను మోసుకుని ఎవరూ మెట్లెక్కలేరు కాబట్టి కంపెనీ ఈ అట్టనూ, దానితో పాటు ఒక నమూనా పుస్తకాన్నీ ఇచ్చేది. కొనేవాళ్ల ముందు గదిలో ఆయన మోకాళ్ల మీద కూర్చుని, అట్ట రెండు చివరలా బొటనవేళ్లు ఆనించి, ఠప్పున విప్పేవాడు. నేల మీద ఒక్కసారిగా గ్రంథాలయం లేచేది. "ఇంత చోటు చాలమ్మా, ఇంత చోట్లో ప్రపంచం" అనేవాడు.

కొత్త ముద్రణ వచ్చిన ఏడాది కంపెనీ కొత్త అట్టా, కొత్త నమూనా పుస్తకమూ ఇచ్చింది, పాతవి తిరిగి అడగలేదు. అలా వాళ్లింటికి విజ్ఞాన సర్వస్వం వచ్చింది.

"పెద్దాయనా, ఇవాళ్టి సంగతేంటి?" మూలమీది దర్జీ వచ్చీ రాగానే కౌంటరు మీద మోచేతులు ఆనించాడు. ముప్పై దాటని మనిషి, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. "అన్నా, నల్లవి నాలుగు కన్నాలవి పన్నెండివ్వు. పోయినసారి ఇచ్చినవి ఇస్త్రీపెట్టె తగలగానే అప్పడాలైపోయాయి."

"ఇస్త్రీ చొక్కాకి చెయ్యాలిరా, గుండీకి కాదు" అన్నాడు గుండీలాయన సొరుగు లాగుతూ.

"వినండి సంగతి" అన్నాడు పెద్దాయన, వేళ్లు ఆపకుండా. "గుండీ మొదట్లో బట్టను బిగించడానికి పుట్టలేదు. సోకుకే. కాజా కుట్టాలన్న తెలివి మనిషికి వేల ఏళ్ల తర్వాత వచ్చింది."

దర్జీ అప్పటికే ఫోను తీశాడు. బొటనవేలు నాలుగుసార్లు కదిలింది. "నిజమే అన్నా! ఇందులోనూ అలాగే ఉంది."

"ఒక్కోసారి తగులుతుందిలే" అన్నాడు గుండీలాయన, గుండీలు పొట్లం కడుతూ.

పళ్లెంలో వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతను నలభై ఎనిమిదేళ్లుగా ఏదో ఒక రూపంలో ఆ మాట అంటూనే ఉన్నాడు. మొదటిసారి అన్నప్పుడు అతనికి పదేళ్లు. ఆ రోజు అన్నది ఇంత మెత్తటి మాట కాదు. దాన్ని వెనక్కు తీసుకోవాలని డాక్టరు కాగితం మడిచిన నాటి నుంచి అనుకుంటున్నాడు. ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. అమ్మిన సరుకు వెనక్కు తీసుకోవడం తెలుసు. అన్న మాట సంగతి వేరు.

పదిన్నరకు ఫోను మోగింది. పాత కాగితాల వ్యాపారి. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు.

"ఏమోయ్ గుండీలూ, మీ నాన్న అమ్మే ఎర్ర పుస్తకాలు గుర్తున్నాయా? పూర్తి సెట్టొచ్చింది నా దగ్గరికి. ఇరవై నాలుగూ ఉన్నాయి. రెండింటికి లారీ వస్తుంది, గుజ్జు మిల్లుకి పోతాయి. చూస్తావా?"

"చూసి ఏం చేసుకోను?"

"నాకేం తెలుసు. నువ్వు చూస్తావేమోనని చెప్పా."

అతను ఫోను పెట్టేసి, రెండు పొట్లాలు కట్టి, పక్క దుకాణం గాజులావిడకు "అమ్మా, నాన్నను కాస్త చూస్తుండు" అని చెప్పి బయలుదేరాడు. తండ్రికి జీవితం మొత్తంలో ఒక్క పూర్తి సెట్టు కూడా సొంతం కాలేదు. వందల ఇళ్లకు చేర్చాడు, తన ఇంటికి చేర్చలేకపోయాడు. ఒక్కసారి ఒడిలో పెడితే చాలు. క్షమించమని అడగడం చేతకానివాడు ఏదైనా వస్తువు పట్టుకుని వెళతాడు. గుండీలాయన ఆ రకమే.

దారి పొడుగునా అతనికి చిన్ననాటి ముందుగది గుర్తుకొచ్చింది.

చెక్క బీరువా మీద ఆ అట్ట సగం విప్పి నిలబెట్టి ఉండేది. గుమ్మంలోంచి చూసినవాళ్లకు నిజం పుస్తకాల వరసే. అమ్మమ్మ వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తూ, "లోపల ఏమీ లేనివాటికే దుమ్ము తొందరగా పడుతుంది" అనేది. పక్కింటివాళ్లు ఎవరైనా "ఏడో సంపుటం రెండు రోజులు ఇస్తారా?" అని అడిగితే ఆవిడ తడుముకునేది కాదు. "అది ఇప్పుడు మావాడు చదువుతున్నాడమ్మా. అయ్యాక చెబుతా." ఏడో సంపుటం చదవడం అతనికి ఏళ్ల తరబడి పూర్తి కాలేదు.

నిజంగా చదవడానికి ఉన్నది నమూనా పుస్తకం ఒక్కటే. సన్నటిది. అందులో పద్దెనిమిది వ్యాసాలు. ఒక్కొక్కటి రెండేసి పేజీలు, నున్నటి కాగితం, రంగు బొమ్మలు. కొనేవాళ్లకు నోరూరించడమే దాని పని కాబట్టి ఏ వ్యాసమూ పూర్తిగా ఉండేది కాదు. రెండో పేజీ చివర వాక్యం మధ్యలోనే తెగిపోయేది. 'ఒంటె మూపురంలో ఉండేది నీరు కాదు,' అని ఆగిపోయేది. 'కరిగిన గాజును కొలిమి నుండి తీసిన వెంటనే చల్లార్చరాదు. అలా చేసినచో' అని ఆగిపోయేది. పేజీ తిప్పితే అగ్నిపర్వతం. అగ్నిపర్వతమూ సగమే.

ఆ ఇంటి పద్ధతి ఒకటుండేది. పెద్దాయన నెల పొడుగునా ఊళ్లు తిరిగి, చివరి శనివారం ఇంటికొచ్చేవాడు. బయలుదేరే రోజు పొద్దున పిల్లవాడు తెగిపోయిన వాక్యం ఒకటి చీటీ మీద రాసి ఇవ్వాలి. ఒక్క ప్రయాణానికి ఒక్క చీటీ. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లేవాడు. శనివారం సాయంత్రం బ్యాగు దించి, కాళ్లు కడుక్కుని, చీటీ తీసి, వాక్యం మిగతా సగం చెప్పేవాడు. ఆ నెలరోజులూ పిల్లవాడు ఒంటె మూపురంలో ఏముంటుందో ఊహిస్తూ గడిపేవాడు. బెల్లం, ఇసుక, ఇంకో చిన్న ఒంటె.

ఈ రోజుల్లో దర్జీ బొటనవేలు నాలుగుసార్లు కదిపితే పని అయిపోతుంది. అప్పట్లో నెల పట్టేది. లాభనష్టాలు చూస్తే ఏది ఎక్కువ అన్నది గుండీలాయన ఏనాడూ తేల్చుకోలేకపోయాడు.

తేనెటీగ శనివారం అతనికి బాగా గుర్తు. 'పూలు ఎక్కడున్నవో తోటి ఈగలకు తెలుపుటకు తేనెటీగ' అని తెగింది. పెద్దాయన తువ్వాలు నడుముకు చుట్టుకుని లేచాడు. "నాట్యం చేస్తుందిరా." గది మధ్య నడుము ఊపుకుంటూ నేరుగా నాలుగు అడుగులు వేసి, కుడివైపు చుట్టు తిరిగి మొదటికొచ్చి, మళ్లీ నాలుగు అడుగులు వేసి, ఎడమవైపు చుట్టు తిరిగాడు. "ఎనిమిది అంకె వేసినట్టు. ఎంతసేపు ఊగితే అంత దూరం." అమ్మమ్మ చంటిపిల్లను ఎత్తుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ ఇంట్లో అంత నవ్వు వినబడి అప్పటికి ఏడాది దాటింది.

ఏడాది కిందట చెల్లెలు పుట్టింది. పుట్టిన నాలుగో రోజున అమ్మ పోయింది. ఇంట్లో తలల లెక్క మారలేదు. అంతే, వేరే ఏ లెక్కా సరిపోలేదు.

చివరి చీటీ చేపది. సాల్మన్ అనే చేప. 'ఏటిలో పుట్టి, సముద్రమునకు పోయి, కొన్నేండ్ల తరువాత తాను పుట్టిన ఏటికే తిరిగి వచ్చును. ప్రవాహమునకు ఎదురీది, రాళ్లపై నుండి ఎగిరి, పుట్టినచోటు చేరును. అచట గుడ్లు పెట్టిన తరువాత'

ఆ శనివారం పెద్దాయన చీటీ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అమ్మమ్మ వంటింట్లో ఉంది. చెల్లెలు ఆయన పాదాల దగ్గర పాకుతోంది.

"గుడ్లు పెట్టిన తరువాత అక్కడే కాస్త అలుపు తీర్చుకుంటుందిరా. తర్వాత మళ్లీ సముద్రంలోకి పోతుంది. సముద్రం చాలా పెద్దది కదా, పిల్లలకు కనబడదు. అంతే."

మరుసటి ఏడు బడిలో మాస్టారు అదే చేప గురించి చెబుతుంటే అతను లేచి నిలబడి తెలిసిన సంగతి గర్వంగా చెప్పాడు. మాస్టారు నవ్వాడు. "తప్పురా. గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. ఎవరు చెప్పారు నీకు?" "మా నాన్న సార్." "మీ నాన్న పుస్తకాలు అమ్ముతాడురా, చదవడు." తరగతి అంతా గొల్లుమంది. ఏడాది చివరిదాకా అతని పేరు తిరుగుచేప.

ఆ శనివారం తండ్రి బ్యాగు దించకముందే అతను ఎదురెళ్లాడు. "చేప సంగతి మాస్టారు చెప్పాడు. నువ్వన్నీ అబద్ధాలే చెప్తావు. ఒంటె అబద్ధం, గాజు అబద్ధం, తేనెటీగ అబద్ధం. ఊళ్లో వాళ్లకు చెప్పినట్టే మాకూ చెప్తావు. నువ్వు అబద్ధాలకోరువి."

పెద్దాయన చెల్లెలి వైపు ఒకసారి చూశాడు. "మాస్టారికి నాకన్నా ఎక్కువ తెలుస్తుందిలేరా" అన్నాడు.

అప్పటి నుంచి అతను తండ్రిని ఏదీ అడగలేదు. చెల్లెలికి రాయడం వచ్చాక ఆ పిల్ల మొదటి నుంచీ పద్దెనిమిది చీటీలూ మళ్లీ ఇచ్చింది. పెద్దాయన పద్దెనిమిది శనివారాలూ మళ్లీ చెప్పాడు. పక్కగదిలో లెక్కలు చేసుకుంటూ అతను చెవులు మూసుకునేవాడు. పెద్దయ్యాక ఒంటె మాట నిజమేనని ఎక్కడో విన్నాడు. అబద్ధాల మూటలో ఒకటీ అరా నిజం తగలకపోదని సర్దిచెప్పుకున్నాడు. మిగతావి వెతికి చూడలేదు. చేతిలోకి ఫోను వచ్చాక కూడా చూడలేదు. మూసేసిన ఖాతాను తెరవడానికి వ్యాపారికి మనసొప్పదు. అందులో తప్పు తన వైపు ఉండే అవకాశం ఉంటే అసలు ఒప్పదు.

పాత కాగితాల గోదాములో తడి అట్టల వాసన. వార్తాపత్రికల కట్టలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. కాటా పక్కన నేల మీద ఇరవై నాలుగు సంపుటాలూ నాలుగు వరసలుగా ఉన్నాయి. ముదురు ఎరుపు, బంగారు అక్షరాలు. అట్ట మీద చూసిన వెన్నులకు ఇప్పుడు ఒళ్లు వచ్చినట్టుంది.

"పళ్ల డాక్టరు ఇంట్లోవి" అన్నాడు వ్యాపారి కట్ట మీద కూర్చుని బీడీ వెలిగించకుండా నోట్లో పెట్టుకుంటూ. "ఆయన పోయాడు, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. చూడు, ఒక్క పేజీ నలగలేదు. నలభై ఏళ్లు అద్దాల బీరువాలో ఉన్నాయట."

అతను ఒక సంపుటం తెరిచాడు. అంచుల పసిడి పూత అంటుకుపోయి పేజీలు చిటచిటమంటూ విడివడ్డాయి. నలభై ఏళ్లలో దాన్ని తెరిచిన మొదటి మనిషి తనే. ఆ ఇంట్లో పుస్తకాలన్నీ ఉండి ఎవరూ చదవలేదు. తమ ఇంట్లో వెన్నులు తప్ప ఏమీ లేవు, వాటితోనే నెలలు నెలలు గడిపారు. అతనికి నవ్వొచ్చింది.

ఒంటె దొరికింది. తెగిన వాక్యం దగ్గరికి వేలు పోనిచ్చి దాని తర్వాతిది చదివాడు. 'కొవ్వు. ఆహారము దొరకని దినములలో అది కరిగి మూపురము ఒక పక్కకు వాలిపోవును.' ఆనాటి శనివారం నాన్న అరచేతిని మూపురంలా పెట్టి పక్కకు వాల్చి చూపించాడు. సరే, ఒంటె ముందే తెలిసిందే. గాజు తీశాడు. 'లోపల ఒత్తిడి మిగిలి పగులును. కావున వేరొక కొలిమిలో గంటల కొలది మెల్లగా చల్లార్చెదరు.' గంటల కొలది మెల్లగా. నాన్న అన్న మాటలే అవి. దీపస్తంభం తీశాడు. చిన్న దీపం అంత దూరం కనబడేది దాని చుట్టూ వలయాలుగా అమర్చిన గాజు పలకల వల్ల. సరిగ్గా అదే. చేతులు తొందరపడుతున్నాయి. తేనెటీగ తీశాడు. 'నాట్యము చేయును.' ఎనిమిది అంకె. ఎంతసేపు ఊగితే అంత దూరం. పక్కనే చిన్న బొమ్మ, బాణం గుర్తులతో. కుడివైపు చుట్టు, ఎడమవైపు చుట్టు. తువ్వాలు ఒక్కటే లేదు.

"ఏంటోయ్, నిలబడే చదివేస్తావా మొత్తం?"

అతను పేజీలోంచి తల ఎత్తాడు. శనివారం. శనివారమే ఎందుకు? ఇంటికి వచ్చేముందు తండ్రి ఆర్డరు కాగితాలు ఇవ్వడానికి కంపెనీ ఆఫీసుకు వెళ్లేవాడు. ఆ ఆఫీసులో గోడ బీరువాలో పూర్తి సెట్టు ఉంటుంది. ఇంటికి ఇవ్వరు. నెలంతా తిరిగి వాచిన కాళ్లతో ఒక మనిషి ఆ బీరువా ముందు నిలబడి, జేబులోంచి పిల్లవాడి చీటీ తీసి, పేజీ వెతికి, మాటలు పొల్లుపోకుండా నిలవాలని రెండుసార్లో మూడుసార్లో చదువుకుని, బస్సెక్కడం అతని కళ్లకు కట్టింది. దారిలో అల్లిన కథలనుకున్నాడు ఇన్నాళ్లూ. అవి కథలు కావు. కాళ్ల మీద మోసుకొచ్చిన సరుకు.

పదిహేడు చూశాడు. పదిహేడూ నిజాలే. పద్దెనిమిదోది పంతొమ్మిదో సంపుటంలో దొరికింది.

'అచట గుడ్లు పెట్టిన తరువాత కొద్ది దినములలోనే తల్లి మరణించును. పిల్లలు తల్లిని ఎరుగవు.'

గోదాము బయట ఎవరో బండి హారను కొడుతున్నారు. అతను ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. పాదాల దగ్గర పాకుతున్న చెల్లెలు గుర్తొచ్చింది. అప్పుడు తనకు తొమ్మిదేళ్లు. ఆ వాక్యం ఆఫీసులో చదివిన మనిషి బస్సులో కూర్చుని ఇంటిదాకా ఏం చేసి ఉంటాడు? పద్దెనిమిదింటిలో ఒక్కటే ఆయన సొంతంగా అల్లింది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని తను పదిహేడింటినీ పారబోశాడు. 'చెల్లి ముందు ఆ వాక్యం చెప్పలేనురా' అని ఒక్క మాట అంటే ఆ రోజు ఆయన గెలిచి ఉండేవాడు. అనకుండా ఓడిపోయాడు. నలభై ఎనిమిదేళ్లు ఓడిపోతూనే ఉన్నాడు.

"ఎంత?" అన్నాడు వ్యాపారితో.

వ్యాపారి ధర చెప్పాడు. గుండీలాయన తల ఊపాడు. బేరమాడకుండా అతను కొన్న సరుకు జీవితం మొత్తంలో అదొక్కటే. వ్యాపారి బీడీ నోట్లోంచి తీసి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

తోపుడుబండి దుకాణం చేరేసరికి మూడున్నర. పంతొమ్మిదో సంపుటం మాత్రం అతను చేతిలోనే తెచ్చాడు. నాలుగింటికి చెల్లెలు ఫ్లాస్కుతో వచ్చింది. బస్టాండు టికెట్ల కౌంటర్లో ఆవిడ డ్యూటీ అప్పటికి ముగుస్తుంది. రోజూ ముగ్గురూ అక్కడే టీ తాగుతారు.

"ఏంటన్నయ్యా ఇది, గుండీలు మానేసి పుస్తకాల కొట్టు పెడుతున్నావా?" కట్టలను దాటుకుంటూ లోపలికొచ్చింది. తర్వాత వెన్నులను చూసి ఆగిపోయింది. "అమ్మో. ఇవి నిజంవి."

అతను పళ్లెం తీసి పక్కన పెట్టి, ఒక సంపుటం తండ్రి ఒడిలో పెట్టాడు. పెద్దాయన వేళ్లు వెన్ను మీద అక్షరాలను తడిమి, అట్ట అంచు దాటి, పేజీల మందం దగ్గర ఆగాయి. అక్కడే పైకీ కిందకీ రెండుసార్లు తిరిగాయి.

"దీనికి లోపల ఉందిరా" అన్నాడు.

"ఇరవై నాలుగింటికీ ఉంది నాన్నా. మనవే."

పెద్దాయన పుస్తకాన్ని ఒడిలోకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు. చెల్లెలు టీ గ్లాసులు సర్దుతూ వెనక్కి తిరిగింది.

"పరీక్ష పెడతా, చెబుతావా?" అన్నాడు గుండీలాయన స్టూలు దగ్గరికి లాక్కుని. "కరిగిన గాజును కొలిమి నుండి తీసిన వెంటనే చల్లార్చరాదు. అలా చేసినచో..."

"లోపల ఒత్తిడి మిగిలి పగులును" అన్నాడు పెద్దాయన కళ్లు మూసుకుని. "కావున వేరొక కొలిమిలో గంటల కొలది మెల్లగా చల్లార్చెదరు."

"అక్షరం తప్పలేదు." అతను స్టూలు ఇంకాస్త దగ్గరికి జరిపాడు. "తేనెటీగ?"

"దానికి లేచి నిలబడాలి. ఇప్పుడు నా వల్ల కాదు. చెల్లిని చెయ్యమను."

"నేను చెయ్యనంటే చెయ్యను" అంటూనే చెల్లెలు ఫ్లాస్కు చేతిలో పట్టుకుని సొరుగుల గోడకూ కౌంటరుకూ మధ్య నడుము ఊపుతూ రెండడుగులు వేసి చుట్టు తిరిగింది. యాభై దగ్గరపడిన మనిషి, ఉద్యోగం చీరలో. గాజులావిడ గుమ్మంలోంచి తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది. పెద్దాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"చేప చదువన్నయ్యా" అంది చెల్లెలు రొప్పుతూ. "నాకు అన్నిట్లోకీ అదే ఇష్టం."

పెద్దాయన కళ్లు తెరిచాడు. చూపు ఆనని కళ్లు కొడుకు గొంతు ఉన్నవైపు తిరిగి అక్కడే ఆగిపోయాయి. ఆయన చెయ్యి కుర్చీ చేతిని పట్టుకుంది.

గుండీలాయన పంతొమ్మిదో సంపుటం తెరిచాడు. పేజీ దొరికింది. వేలు వాక్యం కింద పెట్టాడు. ఎదురుగా నల్లటి అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

"ప్రవాహమునకు ఎదురీది, రాళ్లపై నుండి ఎగిరి, పుట్టినచోటు చేరును. అచట గుడ్లు పెట్టిన తరువాత..." ఊపిరి తీసుకున్నాడు. "కొంతసేపు అలుపు తీర్చుకొని మరల సముద్రమునకు పోవును. సముద్రము మిక్కిలి పెద్దది కావున పిల్లలకు కనబడదు."

చెల్లెలు అతని భుజం వెనుకే నిలబడి ఉంది. పేజీ ఆవిడకూ కనబడే ఉంటుంది. ఆవిడ వంగి తండ్రి గ్లాసులో మరికొంత టీ పోసింది.

"పుస్తకంలో అలాగే ఉందా?" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

"అలాగే ఉంది నాన్నా."

"సరిగ్గా చూశావా?"

"మాట పొల్లుపోకుండా చదివా."

కుర్చీ చేతిని పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. ఆయన టీ ఒక గుక్క తాగాడు. ముఖం మీదికి, కొనేవాళ్ల ముందు అట్ట విప్పినప్పుడు వచ్చే కొంటెతనం వచ్చి కూర్చుంది.

"అయితే మీ మాస్టారే తప్పు చెప్పాడన్నమాట."

"ఆయన పుస్తకాలు చదివేవాడు కాదు నాన్నా."

"పాపం" అన్నాడు పెద్దాయన. "పళ్లెం ఇలా ఇవ్వరా. ఇంకా చాలా ఉన్నాయి."

చెల్లెలు అయిదింటికి వెళ్లింది. తర్వాత ఇద్దరు దర్జీలు వచ్చారు. ఒకరికి హుక్కులు, ఒకరికి లైనింగు గుడ్డ. ఒక ముసలావిడ చొక్కాలోంచి ఊడిన ఒక్క గుండీ పట్టుకొచ్చి దానికి జత కావాలంది. ఆవిడ కోసం పదకొండు సొరుగులు తీశాడు. వెనక నుంచి డబ్బాల్లో గుండీలు పడుతున్న చప్పుడు టక్, టక్ అని వినబడుతూనే ఉంది. ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. వెలుతురు తగ్గిందని లైటు వేయడానికి లేచినప్పుడు చూశాడు.

పెద్దాయన తల ఒక పక్కకు వాలి ఉంది. కుడిచెయ్యి నాలుగు కన్నాల డబ్బా మీద ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక తెల్ల గుండీ. నాలుగు కన్నాలదే. సరైన డబ్బా మీదికే చేరింది, ఇంకా జారవిడవలేదు.

అతను లైటు వేయలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. వీధిలో అందరూ దీపాలు వేసుకునేదాకా అలాగే కూర్చుని, తర్వాత చెల్లెలికి ఫోను చేశాడు.

పన్నెండు రోజుల తర్వాత దుకాణం తెరిచినప్పుడు అతని చేతిలో ఉన్నది ఒక్కటే, తాళాల గుత్తి. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. మెట్టు దగ్గర అలవాటుగా ఆగాడు.

ఆదివారం చెల్లెలు వచ్చి సంపుటాలన్నీ తుడిచి పై అరలో పేర్చింది. పంతొమ్మిదోది అందుకున్నప్పుడు అతనికి కనబడింది. చేప పేజీలో గుర్తుగా ఒక బస్సు టికెట్టు ఉంది. అతను పెట్టింది కాదు. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ పుస్తకం తుడవడం మానలేదు. అతను అడగలేదు.

"ఈ పాత అట్ట తీసేద్దామా అన్నయ్యా? అసలువి వచ్చాయిగా."

"అసలువి వెనక్కి జరుపు. అది ముందుండనీ."

లెక్క చూసుకుంటే పద్దెనిమిది వాక్యాల మిగతా సగాలు వచ్చాయి. పదిహేడింటికి పుస్తకం సాక్ష్యం ఉంది. పద్దెనిమిదోది ఏ వైపు రాయాలో చాలాసేపు ఆలోచించి, వచ్చినవాటి వైపే రాసుకున్నాడు. పోయినవాటి వైపు నలభై ఎనిమిదేళ్లు ఉన్నాయి. చివర్లో చేతికి అందినది ఒక మధ్యాహ్నం. అయినా మిగులే తేలింది.

చెల్లెలు అట్టను పూర్తిగా విప్పి సంపుటాల ముందు నిలబెట్టింది. ఇరవై నాలుగు వెన్నుల మీదా బంగారు అక్షరాలు మెరుస్తున్నాయి, మొదటి వెన్ను మీదా చివరి వెన్ను మీదా మాత్రం, బొటనవేలు ఆనినంత మేర, పూత లేదు.